బండకోత బురద

మోత్కూరులోని మా పాత యింటికి గూనపెంకుల కప్పు ఉండెడి దినములలో, ఆ పెంకులు చేసి యిచ్చిన కుమ్మరి తాత చెరువుమట్టిని తెచ్చినది తెచ్చినట్లుగా సారె కెక్కించువాడు కాడు. జల్లించిన బూడిదయు, ఊకయు, గాడిదలద్దెయు చేర్చి, కాళ్లతో త్రొక్కి, ముద్ద తన చేతికి లొంగినదని తోచిన పిమ్మటనే గొట్టమువలె సాగదీసి, ఒకింత ఆరనిచ్చి నిలువున రెండుగా చీల్చెడివాడు. అంత మంచి మట్టిలో ఆ చెత్త యెందుకని బాల్యచాపల్యముతో నేనడుగగా, "ఒట్టి మట్టయితే ఆముల పల్గుతది బిడ్డా" అని మాత్రము చెప్పెను.

ఆ మాట నాకు మరల స్మరణకు వచ్చినది మొన్న ఒక గ్రానైటు కోతమిల్లు వెనుక నిలిచినప్పుడు. రంపము క్రిందినుండి నీటితో పారిన రాతిపొడి గుంటలో పేరుకొని, తడి యున్నంతసేపు చిక్కని గంజివలె నుండి, ఎండినంతనే గాలికి లేచి ప్రక్కచేల ఆకులపై పడుచుండెను. దానిని బురద యందురు. కాని ఆ గుంటలోనున్నది ప్రధానముగా పలుగురాయి, ఫెల్డ్‌స్పారు, కొంత అభ్రకము; మహబూబ్‌నగర్ ప్రాంతపు గనులలో త్రవ్వునదియు, టైల్స్ కర్మాగారములు వెలయిచ్చి కొని బాల్ మిల్లులలో గంటల తరబడి నూరుకొనునదియు ఆ మొదటి రెంటినే. ఫెల్డ్‌స్పారులోని సోడా, పొటాషు అంశములవలన అది సుమారు 1200 డిగ్రీల వేడిమిలో కరగి, గాజై, రేణువుల నడిమి రంధ్రములను పూడ్చును. అందుచేతనే విట్రిఫైడ్ టైలు తన బరువులో నూటికి 0.5 పాళ్లకు మించి నీరు పీల్చదు. విద్యుత్తు వెచ్చించి నూరి ముగించిన ముడిసరుకును మనము గుంటల పాలు చేయుచున్నాము!

దోషములు లేవనను. గ్యాంగ్ సా రంపములతో కోయుచోట ఉక్కురవ్వలు, సున్నము ఆ బురదలో కలియును. ఇనుము కాలినప్పుడు ఎరుపును, గోధుమవన్నెను తెచ్చును గనుక తెల్లని టైలుకు అది పనికిరాదు, ఎర్రమట్టి టైలుకు మాత్రము అడ్డు కాదు. వజ్రపుతీగ రంపముల బురదలో ఈ ఇనుము తక్కువ. బ్రెజిలు పరిశోధకులు గ్రానైటు కోతపొడితో ఎర్రటైళ్లను చేసి పరీక్షించియున్నారు. అసలు చిక్కు వేరొకటి: నేడు బూడిదవన్నె బండ, రేపు ఎర్రబండ కోయు మిల్లులో ఏ కుప్పకాకుప్ప వేరుగా నుంచువా రెవరు? ఆ శ్రద్ధ లేనిదే ఏ కర్మాగారమును ఈ పొడిని నమ్మి తీసికొనదు. ఈ పొడివలెనే దామరచర్ల యాదాద్రి విద్యుత్కేంద్రమువంటి చోట్ల పుట్టు బొగ్గుబూడిదయు టైలులో ఇముడునదే యైనను, అందు కాలక మిగిలిన బొగ్గు ఎక్కువైనచో టైలు కడుపున నలుపు తేలును.

ఒక సంచెడు బండకోత పొడి తెచ్చి ఆ తాత మనుమనికి ఇచ్చితిని. నాలుగుపాళ్ల మట్టికి ఒకపాలు కలిపి అతడు నాలుగు పలకలు చేసి, కుండలతోపాటు ఆములో పెట్టెను. ఒక్కటియు పగులలేదు, పైన నీటిబొట్టు వేయగా మాత్రము క్షణములో లోనికి ఇంకిపోయినది. కుమ్మరి ఆము 1200 డిగ్రీలకు చేరదు. ఆ పొడి అచట తాత కలిపిన బూడిద పనిని మాత్రమే చేసినది. పలకను చేత త్రిప్పుచు అతడు, "ఇంకొంచెం మంట గావాలె సార్" అనెను.