ఎలుకల గదిని కాచే చేతులు

వినుకొండ పల్లెల్లో తాతల కాలాన పూటపూటకీ జొన్న సంగటే. అలా జొన్న మీదే బతికే దక్కన్ పేదలకు పెల్లాగ్రా వ్యాధి ఎందుకొస్తోందని హైదరాబాదులోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ ఆరా తీసింది. 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని అనుమానించారు. తర్వాత కుక్కలపై ప్రయోగాలు జరిగాయి. శాస్త్రవేత్తల పేర్లు పత్రికలకెక్కాయి. ఆ జంతువులకు వేళకు మేత పెట్టినవారికి మాత్రం, మహా అయితే, వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఒక ముక్క దక్కుతుంది. అది చాలదు.

ప్రయోగశాల జంతుశాలలో పనంటే ఊడ్చి కడగడం ఒక్కటే కాదు. బోను మార్చాలి, పరుపు మార్చాలి, నీళ్ల సీసా కారుతోందేమో చూడాలి. 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి తప్పకూడదు. ఏ ఎలుక ఎప్పుడు ఈనిందో రాయాలి, దాదాపు 21 రోజులకు పిల్లలను తల్లి నుంచి వేరుచేయాలి. మొరటుగా పట్టుకుంటే ఎలుక బెదురుతుంది. బెదిరితే దాని రక్తంలో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, నెలల ప్రయోగం చెడుతుంది. మెత్తని చెయ్యి ఇక్కడ దయ మాత్రమే కాదు, శాస్త్రానికి ఆధారం కూడా.

ఆ పోషకాహార సంస్థలోని విస్టార్ జాతి ఎలుకల్లోనే సహజంగా పుట్టిన స్థూలకాయ రకాన్ని 1996లో వెల్లడించారు. తోటివాటి కంటే విపరీతంగా బరువెక్కే ఆ ఎలుకలు ఊబకాయం, మధుమేహాల అధ్యయనానికి పనికొచ్చాయి. కానీ వాటికి సంతానం కలగదు. అందుకే జంతుశాల సిబ్బంది ఆ లక్షణాన్ని మోసే ఎలుకలను ఏరి జతకట్టించి, ప్రతి ఈతలోనూ ఏ పిల్ల ఏ రకమో తేల్చుకుంటూ ఆ వంశాన్ని నిలుపుతున్నారు.