కాంతి కేంద్రీకరణ సౌరఫలకాలు: తేలికదనానికి కొలమానం

అంతరిక్ష నౌకల సౌరఫలకాలను బేరీజు వేసేటప్పుడు కిలోగ్రాము బరువుకు ఎన్ని వాట్ల విద్యుత్తు లభిస్తుందన్నదే ప్రధాన ప్రమాణంగా చలామణి అవుతున్నది. కాంతిని కేంద్రీకరించే ఫలకాల విషయంలో ఈ ప్రమాణం ఒక్కటే చాలదని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఈ ఫలకాల సూత్రం సరళమైనది. ఖరీదైన సౌరఘటాల వైశాల్యాన్ని తగ్గించి, ఆ లోటును పలుచని కటకాలతోనో అద్దాలతోనో పూరిస్తారు. ఘటాల వైశాల్యం తగ్గితే వాటిని వికిరణం నుంచి కాపాడే గాజు కవచాల బరువు కూడా తగ్గుతుంది. 1998 అక్టోబరులో నాసా ప్రయోగించిన డీప్ స్పేస్ 1 నౌకలోని స్కార్లెట్ ఫలకాలు ఈ సూత్రాన్ని ఆచరణలో నిరూపించాయి. వాటిలోని 720 ఫ్రెనెల్ కటకాలు సూర్యకాంతిని సన్నని ఘటాల వరుసలపై కేంద్రీకరించాయి. భూకక్ష్య దూరంలో సుమారు 2,500 వాట్ల సామర్థ్యం గల ఆ ఫలకాలే నౌకలోని అయాన్ ఇంజనుకు శక్తినిచ్చాయి.

దీనికి భిన్నమైన అనుభవం తొలి బోయింగ్ 702 సమాచార ఉపగ్రహాలది. 1999 చివరి నుంచి ప్రయోగించిన వీటిలో ఫలకాలకు ఇరువైపులా ఏటవాలుగా అద్దాలను అమర్చారు. కక్ష్యలో ఆవిర్లు పేరుకొని అద్దాలు మసకబారడంతో విద్యుదుత్పత్తి అంచనాలకు మించి క్షీణించింది. తరువాతి 702 ఉపగ్రహాలకు తిరిగి సాధారణ ఫలకాలనే వాడారు.

ఒకటి విజయమని, మరొకటి వైఫల్యమని తేల్చి ఊరుకోవడం విమర్శ కాదు. మొదటిది మూడేళ్లు సాగిన ప్రయోగాత్మక యాత్ర. రెండవది పదిహేనేళ్ల సేవకు ఉద్దేశించినది. పైగా, 702లో అద్దాలు మసకబారినా ఘటాలపై నేరుగా పడే ఎండ ఆగలేదు, నష్టం పాక్షికమే. కటక పద్ధతిలో ఆ వెసులుబాటు లేదు. సాధారణ ఫలకం సూర్యుని నుంచి 10 డిగ్రీలు పక్కకు తిరిగితే అందే కాంతిలో తగ్గేది సుమారు 1.5 శాతమే. కటకాల ఫలకం కేంద్రీకరణ దిశలో అంత తిరిగితే కాంతిరేఖ ఘటాల మీది నుంచే తొలగిపోవచ్చు.

అంటే, ఫలకంలో తగ్గించిన బరువు దిశానియంత్రణ మీద, పదార్థాల పరిశుభ్రత మీద భారంగా మారుతున్నది. ఆ భారం కిలోగ్రాముల లెక్కలో కనిపించదు. 2007లో అయాన్ ఇంజన్లతోనే బయలుదేరిన డాన్ నౌక కేంద్రీకరణ లేని ఫలకాలతోనే వెళ్లిందన్న విషయం ఇక్కడ గమనార్హం.

కనుక ఈ రంగంలోని పరిశోధనా పత్రాలు తొలిరోజు సామర్థ్యంతో పాటు సేవాకాలం ముగిసేనాటి సామర్థ్యాన్ని, దిశ తప్పినప్పుడు మిగిలే విద్యుత్తును కూడా ప్రకటించాలి. ఆ రెండూ లేని తేలికదనం అసంపూర్ణ సత్యం మాత్రమే.