గూడుబండికి పాదాదికేశ స్తుతి

ముందు నీ పాదాలకు నమస్కారం, గూడుబండీ. దేవుళ్లను కీర్తించేవారు పాదాల దగ్గర మొదలుపెట్టి కిరీటం దాకా వెళతారు. నేనూ నీ చక్రం పక్కన నేలమీద కూర్చుని మొదలుపెడుతున్నాను. నిన్ను చూసుకునేవాడు ఎలాగూ అక్కడే కూర్చోవాలి.

నీ పుట్టుక కథ చెప్పుకుని స్తుతిలోకి వెళతాను. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో రే ఒలెక్కో అనే ఆయన కారు వెనక లాక్కెళ్లే బోలర్ అనే చిన్న ట్రైలర్‌కు రూపం ఇచ్చాడు. అంతకుముందు ఆయన ఫైబర్‌గ్లాస్ సెప్టిక్ ట్యాంకుల పని చేసినవాడు. మురుగు బయటికి కారకుండా కాచే తొట్టి, వాన లోపలికి రాకుండా మనుషుల్ని కూడా కాయగలదని ఆయనకు తోచింది. పై చిప్ప ఒకటి, కింది చిప్ప ఒకటి. రెంటినీ నడుం దగ్గర కలిపితే ఇల్లు. ఆ తీరులోనే మిన్నెసోటాలోని బాకస్ అనే ఊళ్లో స్కాంప్‌లు వచ్చాయి, మా టెక్సస్‌లో రైస్ అనే ఊళ్లో కసీటాలు వచ్చాయి. మురుగు తొట్టి వంశంలో పుట్టి ఇంత తెల్లగా, ఇంత గుండ్రంగా ఎదిగినదానా, నీ కులం అడిగేవాళ్లకు ఈ కథే చెబుతాను.

కొస నుంచి కొసకు పదమూడు అడుగులు. మూతి పోను లోపల పది. ఖాళీగా ఉంటే ఆరేడు వందల కిలోలు. అందులో రెండు మంచాలు, ఒక బల్ల, పొయ్యి, తొట్టి, అలమర. మంచం మడిస్తే బల్ల, బల్ల దించితే మంచం. ఒకరు లేస్తే మరొకరు కూర్చోవాలి, ఒకరు చొక్కా తొడుక్కుంటే మరొకరు తల వంచాలి. మా ఇద్దరి మధ్య అలకకు కూడా నువ్వు చోటివ్వలేదు.

మా చేతికి వచ్చేనాటికి నువ్వు చాలా లోకం చూసినదానివి. అలమర తలుపు లోపలివైపు ఎవరో పెన్సిలుతో బేరింగులకు గ్రీజు పెట్టిన తేదీలు వరసగా రాసుకుంటూ వచ్చారు. మధ్యలో చేతిరాత మారింది, అంటే ఇంకో చేతికి వెళ్లావన్నమాట. ఆ వరస కింద ఇప్పుడు నా రాత ఉంది. పాత బండి కొనడమంటే అలాంటి వరసలో చేరడం.

ఇక పాదాలు. నీ టైరు పక్కన అచ్చేసిన అక్షరాల కొసన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరంలో 23వ వారంలో తయారైందని. కారు టైరు తిరిగి తిరిగి అరిగిపోతుంది, నీది నిలబడి నిలబడి ముసలిదవుతుంది. పైన గ్రిప్పు కొత్తదానిలాగే మెరుస్తుంటుంది, లోపల రబ్బరు ఎండకు ప్రాణం వదులుతుంటుంది. అందుకే ఐదారేళ్లు దాటాక, చూపుకు ఎంత బాగున్నా మార్చేస్తాం. ఇలాంటి టైర్లలో కొన్నిటికి గంటకు 65 మైళ్లే హద్దు. టెక్సస్ రహదారి 75 అని బోర్డు పెట్టి పిలుస్తుంది. మేం కుడిపక్క వరసలో మా పాటికి మేం వెళుతుంటాం. లారీలు గాలి విసిరి దాటిపోతాయి, పొద్దుతిరుగుడు చేలు మాత్రం నింపాదిగా కనబడతాయి.

ఏడాదికోసారి నీ ఇరుసు కొసన మూత ఊడదీసి, పిన్ను లాగి, బేరింగును బయటికి తీస్తాం. పాత గ్రీజు కడిగేసి కొత్తది అరచేతిలో ముద్దగా వేసుకుని, అవతలివైపు పొంగేదాకా రోలర్ల మధ్యకు నొక్కుతాం. ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టి జాతరకు బయలుదేరిన తాతలెవరైనా ఈ పని చూస్తే పేరు అడగరు, పక్కన కూర్చుని చెయ్యి కలుపుతారు. దారిలో ఆగిన ప్రతి గ్యాస్ స్టేషన్‌లోనూ ముందు నీ హబ్బు మీద చెయ్యి వేస్తాం. గోరువెచ్చగా ఉంటే క్షేమం. చెయ్యి నిలవనంత కాలుతుంటే లోపల ఏదో రాసుకుంటోంది, ప్రయాణం అక్కడితో ఆపాలి.

నీ మూతికి నమస్కారం. నీ కప్లర్ వచ్చి కారు వెనకున్న బాల్ మీద కూర్చున్నప్పుడు వచ్చే ఆ ఒక్క చప్పుడుతో సెలవు మొదలవుతుంది. గొలుసులు రెండూ కింద ఒకదాన్నొకటి దాటేలా తగిలిస్తాం. ఎప్పుడైనా కప్లర్ ఊడినా నీ మూతి రోడ్డును గుద్దుకోకుండా ఆ గొలుసుల ఒడిలో పడుతుంది. నీ మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను పాళ్లు ముందు బాల్ మీద ఉండాలి. వెనక బరువు పెరిగితే నీ తోక ఊగడం మొదలుపెడుతుంది, ఆ ఊపు పెద్ద కారును కూడా దారి తప్పించగలదు. అందుకని బియ్యం డబ్బా, పప్పుల సంచి, నీళ్ల క్యాన్లు ఇరుసుకు ముందువైపే సర్దుతాం. తెలిసినవాళ్లు లారీలు తూగే కాటా మీద నిన్ను నిలబెట్టి చూసుకుంటారు. ప్రేమ బరువు తెలుసుకోలేదు, కాటా తెలుసుకుంటుంది.

చోటు చేరాక గుమ్మంలో రసమట్టం పెట్టి, పక్కకు ఒరిగి ఉంటే ఓ చక్రాన్ని చెక్క మీదికి ఎక్కిస్తాం. ఆ పైన ముందు చక్రాలకు అడ్డుచెక్కలు, తర్వాతే హిచ్ విప్పడం. ఈ వరస ఎన్నడూ తిరగబడకూడదు. అప్పుడు మళ్లీ రసమట్టం చూస్తాం. బుడగ నడిమికి వచ్చేదాకా మూతి దగ్గర జాకీ తిప్పుతాం. పక్క చెట్ల కింద దిగినవాళ్లకు ఇది చాదస్తంగా కనబడుతుంది. కానీ నీ కడుపులో ఒక నిప్పు ఉంది, దానికి మట్టం కావాలి.

ఆ నిప్పుకు నమస్కారం. నీ ఫ్రిజ్ మంటతో చల్లబడుతుంది. 1922లో స్వీడన్‌లో వాన్ ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన విద్య ఇది. చిటికెనవేలంత ప్రొపేన్ మంట, అమ్మోనియా కలిసిన నీటిని కాస్తుంది. అమ్మోనియా ఆవిరై పైకెక్కుతుంది, చల్లారి ద్రవమై దిగుతుంది, హైడ్రోజన్ నిండిన గొట్టంలో మళ్లీ ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. మోటారు లేదు, చప్పుడు లేదు. ఆ ద్రవాలు తమంతట తామే పల్లానికి జారాలి గనుక ఇల్లు ఒరగకూడదు. ఒరిగితే రేపటికి పెరుగు పులిసిపోతుంది, అలాగే నడిపితే యంత్రమూ చెడుతుంది. మట్టంగా నిలబెడితే మంట మీద పులుసు కాగుతూ ఉంటుంది, మంట పక్కన మజ్జిగ చల్లబడుతూ ఉంటుంది.

ప్రొపేన్ గాలికంటే బరువు. కారితే నేలను పట్టుకుని కూర్చుంటుంది. అందుకే దాన్ని పసిగట్టే అలారం మోకాలికి కిందే బిగించి ఉంటుంది. సిలిండర్ మార్చినప్పుడల్లా అతుకులకు సబ్బునురగ రాసి చూస్తాం. బుడగ లేస్తే ఆ పూట వంట లేదు. పొయ్యి వెలిగించే ముందు కిటికీ కాస్త తెరుస్తాం, కార్బన్ మోనాక్సైడ్ అలారం దీపం చూస్తాం. ఇంత చిన్న ఇంట్లో నిప్పుతో చనువు పనికిరాదు, మర్యాద కావాలి.

నీ నీటికి నమస్కారం. ట్యాంకు పన్నెండు గ్యాలన్లు, అంటే మన లెక్కన నలభై అయిదు లీటర్లు. అందులోనే తాగడం, వండడం, గిన్నెలు కడగడం, మొహాలు కడుక్కోవడం. అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మ ఈ సంగతి విని, "ఇంత దూరమొచ్చినా బిందెల లెక్కేనా నాయనా?" అని నవ్వింది. తర్వాత చెంబు తన చేతికి తీసుకుంది. ఆ యాత్రలో మాకు నీళ్లు మిగిలాయి. గిన్నెలు తుడిచి కడగాలని, కూరగాయలు కడిగిన నీళ్లు తొలి కడుగుడుకు దాచాలని ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కడిగిన మురికినీళ్లను నేలమీద వదలకూడదు. వేరే తొట్టిలో పట్టి, డంప్ స్టేషన్ దాకా మనమే లాక్కెళ్లాలి. ఎంత వాడామో అప్పుడు భుజానికి తెలుస్తుంది.

నీ వెలుగుకు నమస్కారం. పాత రకం పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి, పైన చాప ముక్కంత సోలార్ పలక. మీటరు 12.6 చూపితే నిండుగా ఉన్నట్టు. 12.1 దగ్గరికి దిగితే సగం అయిపోయినట్టు. సగానికి కిందికి తరచూ దించితే ఆ పాత రకం బ్యాటరీ ఆయువు తరిగిపోతుంది. పొద్దున పలక మీద దుమ్ము తుడుస్తాం, సాయంత్రం ఒక్క దీపమే వేసుకుంటాం. ఎండను కూడబెట్టుకుని చదువుకున్న పుస్తకం రుచి వేరు.

ఇప్పుడు నీ శిరస్సు దగ్గరికి వచ్చాను. పై చిప్పలో అతుకులు లేకపోయినా కిటికీ కోసం కోసిన చోటా, పైన గాలి గూడు కోసం కోసిన చోటా, అలమరను పట్టుకున్న రివెట్ల దగ్గరా వాన దారి వెతుకుతుంది. నీ పెద్ద శత్రువు దూరం కాదు, ఎండా కాదు, మెల్లగా ఇంకే నీటిచుక్క. అది చెక్క నేలలోకి దిగి, కనబడకుండా ఏళ్ల తరబడి తింటుంది. అందుకని ఏటా నిచ్చెన వేసుకుని నీ నెత్తి చూస్తాం. పాత సీలెంట్‌ను ప్లాస్టిక్ పలకతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త బ్యూటైల్ టేపు పరుస్తాం. మరలన్నీ ఒక్కసారే బిగించకుండా, కాసేపాగి కాసేపాగి బిగిస్తాం. టేపు మెత్తబడి అంచుల్లోంచి పిండుకుని వచ్చేదాకా ఓపిక పట్టాలి. సిలికాన్‌ను దగ్గరికి రానివ్వం, అది పట్టిన చోట తర్వాత మరేదీ సరిగా అతుక్కోదు. ఎండకు సున్నంలా తెల్లబడిన నీ ఒంటికి మైనం పూసి రుద్దుతాం. వాన పడే రాత్రి ముందు టార్చి పట్టుకుని మూలలన్నీ తడుముతాం. పొడిగా ఉన్నాయని తెలిశాకే వాన పాట వినబడుతుంది.

నువ్వు చూపించిన చోట్లకు నమస్కారం. కాడో సరస్సులో నీళ్లలోనే నిలబడి జడలు వేలాడేసుకున్న సైప్రస్ చెట్లు. పాలో డ్యూరో లోయలో సాయంత్రానికి ఇటుక రంగు తిరిగే గోడలు. బిగ్ బెండ్‌లో చీసోస్ కొండల నడుమకు దిగే దారి మలుపులు ఇరుకు. ఇరవై అడుగులు దాటిన ట్రైలర్లను అక్కడికి తేవద్దని పార్కువాళ్ల సలహా. పెద్ద రథాలు కింద ఆగిపోయే చోటికి నువ్వు నీ పదమూడు అడుగులతో దిగగలవు. ఆ పార్కు 2012 నుంచి ప్రపంచపు చీకటి ఆకాశాల జాబితాలో ఉంది. అక్కడ దీపం ఆర్పితే పాలపుంత మన ఊరి డాబా మీద చిన్నప్పుడు చూసినంత దగ్గరగా వస్తుంది.

నీ చలికాలానికి కూడా నమస్కారం. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, ఆ బలానికి గొట్టాలు పగలవచ్చు. అందుకని చలి ముదరకముందే ట్యాంకు ఖాళీ చేసి, కుళాయిలోంచి గులాబీరంగు ద్రవం వచ్చేదాకా గొట్టాలనిండా యాంటీఫ్రీజ్ ఎక్కిస్తాం. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టింది. కరెంటు పోయింది, ఇళ్లలో గొట్టాలు పగిలాయి. మా పెద్ద ఇల్లు, గోడల నిండా తీగలూ గొట్టాలూ ఉన్న ఇల్లు, ఏం చెయ్యాలో తెలియక చీకట్లో నిలబడింది. వాకిట్లో నువ్వు నిలబడి ఉన్నావు. గొట్టాలు క్షేమం, సిలిండర్ నిండుగా ఉంది, బ్యాటరీ మాట వింటోంది. కిటికీ కాస్త తెరిచి నీ పొయ్యి వెలిగించాం. క్యాన్లలో దాచిన నీళ్లు మరిగాయి. పక్కింటి చంటిబిడ్డ పాలసీసా అక్కడే వెచ్చబడింది.

ఆ రోజుల్లోనే నిన్ను ఎందుకు కీర్తించాలో నాకు తెలిసివచ్చింది. పెద్ద ఇల్లు మన వాడకాన్ని దాచిపెడుతుంది. నీళ్లెక్కడినుంచి వస్తాయో, మురుగెటు పోతుందో, దీపం వెనక ఎంత బొగ్గు మండుతుందో చెప్పదు. నెలకోసారి బిల్లు పంపి ఊరుకుంటుంది. నువ్వు ప్రతి చెంబుకూ, ప్రతి దీపానికీ, ప్రతి కిలోకూ అక్కడికక్కడే లెక్క చెబుతావు. నిన్ను చూసుకోవడమంటే మా బతుకు ఖర్చును కళ్లతో చూడడం. అది తెలిసిన ఇల్లే మాకు తోడుగా నిలబడింది.

చదువుతున్న మీకూ ఇలాంటిది ఒకటి కొనాలనిపిస్తే మెరుపు చూసి మురిసిపోకండి. వాన పడిన మర్నాడు వెళ్లి చూడండి. తలుపు తెరవగానే బూజు వాసన వస్తుందేమో గమనించండి. మూలల్లో నేలను బొటనవేలితో నొక్కండి, మెత్తగా దిగితే వెనక్కి తిరగండి. టైరు మీద నాలుగంకెలు చదవండి. ఫ్రిజ్‌ను మంట మీద నడిపి చూపించమని అడగండి. అమ్మేవాళ్లను బేరింగులకు గ్రీజు ఎప్పుడు పెట్టారో అడగండి. తడుముకోకుండా చెబితే, బండి పాతదైనా ధైర్యంగా తీసుకోండి. మీ చేతులతో మీరు చూసుకోగలిగినంత చిన్నది కొనండి. అంతకన్నా పెద్దదైతే అది మిమ్మల్ని చూసుకోదు.