రెక్క కోణంలోనే గాలిమర ఆయుష్షు

గాలిమర ఎంత కరెంటు ఇస్తుందన్నది ప్రధానంగా గాలి వేగం, రెక్కల పొడవు మీద ఆధారపడితే, ఎన్నేళ్లు నిలుస్తుందన్నది ఆ రెక్కలను అదుపు చేసే నేర్పు మీద ఆధారపడుతుంది. అనంతపురం ప్రాంతపు రామగిరి కొండలపై 1990లలోనే గాలిమరలు వెలిశాయి గానీ, తెలంగాణలో పవన విద్యుత్ సామర్థ్యం 128 మెగావాట్ల దగ్గరే ఉండిపోయింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో గాలి రాయలసీమ కొండల మీదంత బలంగా వీయదు కనుక, అటువంటి చోట విద్యుత్తు రాబట్టాలంటే పొడవైన రెక్కలు, ఎత్తైన స్తంభాలు తప్పనిసరి. రెక్క పొడవు రెట్టింపైతే అది చుట్టే వైశాల్యం నాలుగింతలవుతుంది. బరువు, మొదలు దగ్గర వంపు ఒత్తిడి అంతకన్నా ఎక్కువగా పెరుగుతాయి.

గాలి అన్ని ఎత్తుల్లోనూ ఒకే వేగంతో వీయదు. భూపాలపల్లి అడవుల వంటి దట్టమైన చెట్లున్న చోట నేలకు దగ్గరి గాలి మరింత మందగిస్తుంది. స్తంభం ఎత్తు 120 మీటర్లు, రెక్క పొడవు 60 మీటర్లు అనుకుంటే, రెక్క కొనకు పైన తగిలే గాలి కింద తగిలే దానికన్నా మూడో వంతుకు పైగా వేగంగా ఉండవచ్చు. నిమిషానికి 12 చుట్లు తిరిగే రెక్క ప్రతి అయిదు సెకన్లకొకసారి ఈ హెచ్చుతగ్గులకు లోనవుతుంది. విరామం లేకుండా ఏడాది తిరిగితే అలాంటి చుట్లు 63 లక్షలు దాటుతాయి. ఇనుప తీగను పదేపదే అటూఇటూ వంచితే చివరకు తెగినట్లే, చిన్న ఒత్తిడైనా కోట్లసార్లు పడితే పదార్థం బలం క్షీణిస్తుంది. దీనినే ఇంజనీర్లు అలసట అంటారు.

ఈ భారాన్ని తట్టుకోవడమెలా అన్న ప్రశ్న పాతదే. అమెరికాలోని వెర్మాంట్‌లో 1941లో నిలిపిన 1.25 మెగావాట్ల స్మిత్-పుట్నమ్ గాలిమర 1945లో రెక్క విరిగి ఆగిపోయింది. డెన్మార్క్‌లోని గెడ్సర్‌లో 1957లో యోహన్నెస్ యూల్ నిర్మించిన 200 కిలోవాట్ల మర, గాలి ఉధృతమైనప్పుడు రెక్కపై ప్రవాహం చెదిరి శక్తి దానంతటదే తగ్గే పద్ధతిలో నడిచింది. అత్యవసరంలో రెక్కల కొనలు తిరిగి వేగాన్ని అడ్డుకునేవి.

నేటి మరల్లో రెక్క మొదలు దగ్గరున్న పెద్ద బేరింగు మీద రెక్కంతా తన అక్షం చుట్టూ తిరుగుతుంది. దీనిని పిచ్ నియంత్రణ అంటారు. గాలి నిర్ణీత వేగాన్ని మించితే మూడు రెక్కలూ ఒకే కోణంలో కదిలి అదనపు శక్తిని వదిలేస్తాయి. తుపాను గాలి వీస్తే అంచు గాలికి ఎదురుగా ఉండేలా తిరిగి మర ఆగుతుంది. అంతకన్నా సున్నితమైనది ప్రతి రెక్కకూ విడివిడిగా కోణం మార్చే పద్ధతి. రెక్కల మొదట్లోని సెన్సార్లు వంపును కొలవగా, కంప్యూటర్ ఆ లెక్క ప్రకారం పైకి వెళ్లే రెక్క కోణాన్ని గాలి పట్టు తగ్గేలా, కిందికి దిగే రెక్క కోణాన్ని పట్టు పెరిగేలా మారుస్తుంది. గాజునార రెక్కల్లో హెచ్చుతగ్గుల ఒత్తిడి పదో వంతు తగ్గినా, అలసటను తట్టుకునే కాలం రెండున్నర రెట్లకు మించి పెరగవచ్చు.

దీనికి మూల్యం లేకపోలేదు. నిరంతర కదలికతో బేరింగులు, మోటార్లు త్వరగా అరిగిపోతాయి. అందుకే ఒత్తిడికి వంగుతూనే కొంచెం మెలితిరిగి, గాలి పట్టును తానే సడలించుకునేలా రెక్క నార పోగులను అమర్చే విధానం కూడా వాడుకలోకి వచ్చింది.

మందగాలి జిల్లాల్లో గాలిమరలు నెలకొల్పాలంటే సగటు గాలి వేగం ఒక్కటే కొలిస్తే చాలదు. ఎత్తును బట్టి ఆ వేగం ఎలా మారుతుందో, ఉధృతి ఎంతో కూడా కొలిచి, రెక్కల నియంత్రణను ఆ నేలకు తగ్గట్టు తీర్చిదిద్దాలి. అలా చేసినప్పుడే పొడవైన రెక్క పెట్టుబడికి తగిన ఫలాన్నిస్తుంది.