మంట తెలిసిన చేతులు

నిజామాబాద్ జిల్లాలో పసుపు మాట ఎత్తితే ముందు ధర సంగతే వస్తుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం 170 మందికి పైగా రైతులు బరిలో దిగారు. నిజామాబాద్ స్థానంలో అభ్యర్థుల లెక్క 185కు చేరింది. 2025 సంక్రాంతి నాడు, జనవరి 14న, నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ఇవన్నీ రాయాల్సిన సంగతులే, రాస్తూనే ఉన్నారు. చేలో తవ్విన దుంపను మార్కెట్‌లో నిలబడే సరుకుగా మార్చే మనిషి గురించి మాత్రం నాలుగు వాక్యాలు కనబడవు. జనవరి నుంచి మార్చి దాకా బాల్కొండ, వేల్పూర్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి చుట్టుపక్కల ట్రాక్టర్‌కు బాయిలర్ తగిలించుకుని కళ్లం నుంచి కళ్లానికి తిరిగే ఆ మనిషి పనితనం మీదే ఈ వ్యాసం.

పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. ఆకు ఎండి నేలకు ఒరిగాక తవ్వుతారు. తవ్విన రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టాలి. పచ్చి దుంపను అట్లాగే ఎండేస్తే తడి ఒక పట్టాన వదలదు, పచ్చివాసన పోదు, రంగు సమంగా రాదు. ఉడికితే దుంపలో మొలకెత్తే గుణం చస్తుంది, లోపలి గంజి మెత్తబడి జిగురుగా మారుతుంది, రంగు అంచు నుంచి నడిమి దాకా ఒకే తీరుగా పాకుతుంది. ఆ తర్వాత పది పదిహేను రోజుల ఎండ చాలు. తొమ్మిది నెలల కష్టం ఒక గంటలోపు పనిమీద ఆధారపడి ఉంటుందన్నమాట. ఆ గంట చెడితే ఎంత మంచి విత్తనం నాటినా, ఎన్ని తడులు పెట్టినా లాభం లేదు.

బాయిలర్లు రాకముందు అంతా కడాయి పనే. పెద్ద ఇనుప కడాయిలో దుంపలు పోసి, వాటిమీద రెండు మూడు సెంటీమీటర్లు నిలిచేదాకా నీళ్లు పట్టి, పైన ఎండిన పసుపాకు కప్పి మంట పెట్టేవాళ్లు. ముప్పావు గంట, గంట గడిచాక నురగ పొంగి, తెల్లటి ఆవిరితో పాటు పసుపు వాసన గుప్పుమనేది. అప్పుడు దించాలి. ఈ పద్ధతిలో కట్టెల ఖర్చులో పెద్ద భాగం నీళ్లు కాగడానికే పోతుంది. పైగా కడాయి అడుగున పడ్డ దుంప ముందే ఉడుకుతుంది, పైన ఉన్నది వెనకబడుతుంది.

ఇప్పటి యంత్రం చూడటానికి మోటుగానే ఉంటుంది. ట్రాలీ మీద నిలబెట్టిన నీళ్ల బాయిలర్, కింద కట్టెల పొయ్యి, పైన పొగగొట్టం. దాని పక్కన రెండో నాలుగో ఇనుప డ్రమ్ములు. ప్రతి డ్రమ్ముకూ ఒక ఆవిరి గొట్టం, దానికి ఒక వాల్వు. డ్రమ్ము లోపల అడుగుకు కొంచెం పైన చిల్లుల పళ్లెం. ఆవిరి దాని కిందికి వచ్చి చిల్లుల్లోంచి పైకి లేస్తుంది. ఇంట్లో ఇడ్లీ పాత్ర పనిచేసేది సరిగ్గా ఈ సూత్రం మీదే, కాకపోతే ఇక్కడ ఒక్కో వాయికి క్వింటాళ్ల లెక్క. ఉడికాక డ్రమ్మును పక్కకు వంచితే సరుకంతా ఒక్కసారి కింద పరిచిన పట్టా మీద కుప్పగా పడుతుంది.

ఆవిరి ఎందుకంత వేగంగా ఉడికిస్తుందో ఒక లెక్క చెప్పుకోవాలి. కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు కాచడానికి 70 కిలోక్యాలరీలు చాలు. అదే కిలో మరిగే నీటిని ఆవిరి చేయాలంటే ఇంకో 540 కావాలి. ఆ 540 ఎక్కడికీ పోదు. ఆవిరి చల్లటి దుంపను తాకి తిరిగి నీరైనప్పుడు మొత్తం దుంపకే అప్పజెప్పుతుంది. అందుకే కడాయిలో పట్టే సమయం ఇక్కడ సగానికి సగం తగ్గుతుంది. ఎక్కడ దుంప చల్లగా ఉంటే ఆవిరి అక్కడే ఎక్కువగా నీరై వేడినిస్తుంది గనుక డ్రమ్ములో ఏ మూలా పచ్చిగా మిగలదు. ఇదంతా డ్రమ్ము సరిగా నింపినప్పటి మాట. మట్టి కడగని దుంపలు పోస్తే చిల్లులు పూడుకుపోయి, ఆవిరి ఒక పక్కనుంచే దారి చేసుకుని పైకి పోతుంది.

నడిపే మనిషి చేసే మొదటి మంచిపని మంటతో కాదు, దుంపలతోనే. తల్లి దుంపైన మండను, దాని పిల్ల దుంపైన కొమ్మును కలిపి పోయనివ్వడు. మండ లావు, ఉడకడానికి ఎక్కువ సేపు కావాలి, కొమ్ము సన్నం. రెండూ ఒకే డ్రమ్ములో వేస్తే మండ ఉడికేసరికి కొమ్ము మెత్తటి ముద్దవుతుంది. తొందరలో ఉన్న రైతు కలిపేసి పొమ్మంటాడు. ఒప్పుకోనివాడే మంచి పనివాడు.

తర్వాత పొయ్యి. కట్టెలు ఒక్కసారిగా కూరితే మంట అణిగి పొగ చిమ్ముతుంది. అరగంట ఊరుకుంటే ఆవిరి పడిపోతుంది. కొంచెం కొంచెంగా, తరచుగా వేయాలి. తలుపు తెరిచినప్పుడల్లా చల్లగాలి పొయ్యిలోకి దూసుకుపోతుంది కాబట్టి వేసేదేదో వేసి వెంటనే మూయాలి. కట్టెలు నిలిచే జాలీ కింద బూడిద పేరుకుంటే కిందినుంచి గాలి ఆడదు. పచ్చికట్టె వేస్తే అందులోని నీళ్లు మరగడానికే సగం వేడి ఖర్చు. పొగగొట్టం కొసను చూస్తే పనివాడెవరో తెలిసిపోతుంది: నల్లటి పొగ వదిలాడంటే కాలాల్సిన కట్టెను గాలిలోకి పంపుతున్నాడు.

అసలు నేర్పు వాల్వుల దగ్గర బయటపడుతుంది. పొయ్యికి ఒక గంటలో ఇంత ఆవిరి పుట్టించే శక్తి అని ఒక హద్దు ఉంటుంది. నాలుగు వాల్వులూ ఒక్కసారి తెరిస్తే ఒత్తిడి గేజిలో ముల్లు జారిపోయి, నాలుగు డ్రమ్ములూ నీరసంగా వెచ్చబడతాయి, ఏదీ ఉడకదు. అందుకే వంతులు. ఒకటి నిండుతుంటే ఒకటి వేడెక్కుతుంది, ఇంకొకటి ఉడుకుతుంది, మరొకటి ఖాళీ అవుతుంది. ఈ వరస తప్పకుండా నడిస్తే మంట ఒకే తీరుగా ఉంటుంది, కూలీలకూ ఊపిరాడని తొందర, ఊరికే నిలబడటం రెండూ ఉండవు.

డ్రమ్ము ఎప్పుడు ఉడికిందో తెలుసుకోవడానికి గడియారం ఒక్కటే చాలదు. మొదట అడుగు గొట్టం నుంచి పచ్చటి నీళ్లు ధారగా కారతాయి. ఆవిరి చల్లటి దుంపల మీద నీరవుతోందని దాని అర్థం. ధార సన్నబడి బొట్లవుతుంది. ఆ తర్వాత మూత అంచుల నుంచి ఆవిరి బలంగా తన్నుకొస్తుంది. దుంపలు ఇక వేడి తాగడం తగ్గించాయి. అప్పటి నుంచి లెక్క. కాసేపటికి మూత ఎత్తి నడిమి నుంచి ఒక కొమ్ము తీస్తాడు. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా లొంగాలి. పుల్ల గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. విరిచి చూస్తే పచ్చి దుంపలో కనిపించే ఎర్రదనం పోయి అంచు నుంచి నడిమి దాకా ఒకటే పసుపు రంగు ఉండాలి. నడుమ వేరే రంగు వలయం కనబడిందా, మూత మళ్లీ పడాల్సిందే.

“ఇంకో రెండు నిమిషాలు ఉంచరాదే” అంటాడు పక్కన నిలబడ్డ రైతు, ఎక్కువ ఉడికితే ఇంకా మంచిదన్న భ్రమతో.

“వద్దన్నా. ఇప్పుడాపకుంటే రంగు పోతది” అని వాల్వు తిప్పేస్తాడు.

ఈ తిప్పడం నాకు మొత్తం పనిలో అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. తక్కువ ఉడికిన కొమ్ము ఎండాక పెళుసుగా మారి పాలిష్ డ్రమ్ములో విరిగిపోతుంది. ఎక్కువ ఉడికింది రంగు మాసి ముడతలు పడుతుంది. రెండింటికీ మధ్య ఉన్న కొద్ది నిమిషాలను పట్టుకోవాలి. పట్టుకున్నాడో లేదో ఆ రోజు తేలదు. కళ్లంలో ఎండి, 100 కిలోల పచ్చిది సుమారు 20 కిలోలకు దిగి, పాలిష్ పట్టి, సంచుల్లో నిజామాబాద్ యార్డుకో, మహారాష్ట్రలోని సాంగ్లీకో చేరాక, కొనేవాడు ఒక కొమ్మును తీసి చటుక్కున విరుస్తాడు. గట్టిగా, లోహం మోగినట్టు చప్పుడు వచ్చి లోపల నిండు రంగు కనబడితే ఆ రోజు బాయిలర్ దగ్గర వాల్వు సరైన సమయంలో తిరిగిందన్నమాట. అప్పటికి ఆ మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ పట్టదు.

ఇదే మంటను పెద్ద కర్మాగారాల్లో గ్యాస్ బర్నర్ చూసుకుంటుంది. దాన్ని దగ్గరగా గమనిస్తే మన కళ్లం పనివాడి కళ్లు, చెవులు, ఓపిక విడివిడి భాగాలుగా బిగించి ఉన్నట్టు అర్థమవుతుంది. బటన్ నొక్కగానే బర్నర్ వెలగదు. ముందు ఫ్యాన్ తిరిగి పొయ్యి లోపలి గాలిని కనీసం నాలుగు సార్లు మార్చేంత సేపు ఊదుతుంది. లోపల ఎక్కడైనా మిగిలిపోయిన గ్యాస్ ఉంటే బయటికి తోసేయడానికి. గాలి ఒత్తిడి సరిపోయిందని స్విచ్ ఒప్పుకున్నాకే నిప్పురవ్వ, ఆ తర్వాతే గ్యాస్. మంట కనబడటానికి ఇచ్చే గడువు కొద్ది సెకన్లు. మంటను చూసేది అతినీలలోహిత కిరణాలను పట్టే ఒక చిన్న కన్ను. కొన్నిటిలో మంటలోకి చాచిన లోహపు కడ్డీ. మండే వాయువు గుండా కొద్దిగా కరెంటు పారుతుంది, ఆ కరెంటు వస్తే మంట ఉన్నట్టు లెక్క. గడువులోపు సంకేతం రాకపోతే వరసగా ఉన్న రెండు వాల్వులూ మూసుకుపోయి బర్నర్‌కు తాళం పడిపోతుంది. మనిషి వచ్చి కారణం చూసి, చేత్తో తీస్తే గాని మళ్లీ కదలదు. మంట నిలిచాక కూడా నీటిమట్టం తగ్గినా, గ్యాస్ ఒత్తిడి హద్దు దాటినా అంతే. వెలిగించనని మొండికేయడంలోనే దాని పనితనమంతా ఉంది.

బిగించేవాడి నేర్పు ఇంకో రకం. బర్నర్ మూతి పొయ్యి గొట్టానికి నడిమధ్యన, సూటిగా కూర్చోవాలి. కొంచెం వాలినా మంట నాలుక గోడను నాకి ఇనుమును కాలుస్తుంది. పొయ్యి పొడవు మంట పొడవుకు సరిపోవాలి, లేకుంటే ఎదురు గోడకు తగిలి చల్లబడి సగం కాలిన గ్యాస్ మసిగా మిగులుతుంది. ప్రతి అతుకుకూ సబ్బునీళ్లు పూసి బుడగ లేస్తుందేమో చూడాలి. చివరగా గాలి, గ్యాస్‌ల పొత్తు. ఘనపు మీటరు ప్రొపేన్ పూర్తిగా కాలడానికి సుమారు 24 ఘనపు మీటర్ల గాలి కావాలి. తక్కువైతే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్. మరీ ఎక్కువైతే వేడంతా పొగగొట్టం పాలు. పొగలో ఆక్సిజన్ రెండు నుంచి నాలుగు శాతం మధ్య నిలిచేదాకా మంచి టెక్నీషియన్ మరలు తిప్పుతూనే ఉంటాడు.

ఇది చదివి, కట్టెల పొయ్యి తీసేసి సిలిండర్లతో బర్నర్ పెట్టుకుందామని ఎవరికైనా అనిపిస్తే ఒక మాట. కట్టెలకు కట్టిన పొయ్యి గ్యాస్ మంట కొలతకు కట్టింది కాదు. ఎల్పీజీ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, పొయ్యి అడుగున, ట్రాలీ కింద, పక్క గుంతలో నిలుస్తుంది. గాలిలో రెండు శాతం కలిసినా అంటుకుంటుంది. ఊదే ఫ్యాన్, మంటను చూసే కన్ను, రెండు వాల్వులు లేకుండా ఊళ్లో వెల్డింగ్ చేయించి పెట్టే బర్నర్‌ను బర్నర్ అనకూడదు. ఎంత మంచి బర్నరైనా మంట సంగతి చూసుకుంటుందే గాని కొమ్ము విరిచి రంగు చూడలేదు. దానికి ఆ చెయ్యి కావాల్సిందే.

ఆ చేతి పనితనంలో మనం మరిచిపోయే భాగం నీళ్లు. ఈ ప్రాంతంలో శ్రీరాంసాగర్ కాల్వ పక్కనే ఉన్నా చాలా కళ్లాల దగ్గర బోరు నీళ్లే దిక్కు. ఉప్పులున్న బోరు నీళ్లు మరిగినకొద్దీ బాయిలర్ లోపల సున్నపు పొర కడతాయి. ఆ పొర వేడిని దాటనివ్వదు. కట్టెలు ఎక్కువ కాలతాయి, ఇనుము అతిగా కాగి బలహీనపడుతుంది. రోజూ అడుగు నీళ్లు కొంత వదిలేసేవాడు, గేజి గ్లాసు తుడిచి మట్టం చూసేవాడు ఈ సంగతి చెప్పకుండానే తెలిసినవాడు. మట్టం పూర్తిగా పడిపోయి లోపలి ఇనుము ఎర్రబడ్డప్పుడు కంగారుపడి చల్లనీళ్లు ఎక్కిస్తే అవి క్షణంలో ఆవిరవుతాయి. లీటరు నీరు మామూలు ఒత్తిడిలో 1,600 లీటర్లకు పైగా ఆవిరవుతుంది. ఆ ఒత్తిడికి ఏ రేకూ ఆగదు. అప్పుడు చేయాల్సింది మంట లాగేసి, దూరం జరిగి, చల్లారనివ్వడం.

1923 నాటి పాత బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. 25 లీటర్లకు తక్కువ పట్టేవి, చదరపు సెంటీమీటరుకు కిలో కంటే తక్కువ ఒత్తిడితో నడిచేవి ఆ చట్టం లెక్కలోకి రావు. కళ్లాల్లో తిరిగే యంత్రాల్లో తక్కువ ఒత్తిడివి ఉంటే వాటిని తనిఖీ చేయడానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. కాబట్టి రైతులారా, వచ్చే సీజన్‌లో బాయిలర్ మాట్లాడుకునేటప్పుడు డ్రమ్ముకు ఎంత అని బేరం పెట్టే ముందు రెండు సంగతులు అడగండి: సేఫ్టీ వాల్వు ఎప్పుడు తీసి చూశావు, గేజి గ్లాసులో నీళ్లు కనబడుతున్నాయా అని. సూటిగా జవాబు చెప్పినవాడికి పదో పరకో ఎక్కువిచ్చి పిలుచుకోండి.