పైరగాలికి ముందే కరకట్ట ఎక్కాలి

రథసప్తమి వెళ్ళాక ఏదో ఒక ఆదివారం, తెల్లవారుజామున నాలుగున్నరకి యనమలకుదురు దగ్గర కరకట్ట ఎక్కాలి. కృష్ణా డెల్టాలో రోజంతా సైకిలు తొక్కే విద్యకు అది మొదటి పాఠం. విద్య అనే అంటాను. కూచిపూడి అడుగుకీ బందరు కలంకారీకీ ఇచ్చే గౌరవంలో కొంతైనా దీనికి దక్కాలని ఏళ్ళ తరబడి వాదిస్తున్నవాణ్ణి. నాతోపాటు ఆ వేళకి బయల్దేరి, దీపాలు పెట్టే వేళకి బెజవాడ చేరినవాళ్ళలో ఈ మాట కాదన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

ఆ తొందరంతా గాలి కోసం. మన డెల్టాలో సైకిలుకు ఎత్తుపల్లాలతో పేచీ లేదు, గాలితోనే. యనమలకుదురు రామలింగేశ్వరస్వామి కొండ వెనకబడ్డాక ఈ దారిలో సముద్రం దాకా ఇంకో గుట్ట తగలదు. ప్రకాశం బ్యారేజీలో నిండు నీటిమట్టం సముద్రం కన్నా 57 అడుగులు ఎత్తు. ఆ 57 అడుగులూ డెబ్భై ఎనభై కిలోమీటర్ల పొడవునా పరుచుకున్నాయి. 1855లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ కాలవలకు ఆ వాలే చాలింది. కాళ్ళకు మాత్రం అది బల్లపరుపు. కానీ ఎదురుగాలి పట్టిందంటే ఆ బల్లపరుపే కొండయి కూర్చుంటుంది. మాఘం, ఫాల్గుణం నెలల్లో తెల్లవారుజామున గాలి నిద్రలో ఉంటుంది. మధ్యాహ్నం తిరిగాక సముద్రం మీంచి పైరగాలి లేస్తుంది. అది లేచేసరికి మన మొహం బెజవాడ వైపు తిరిగి ఉండాలి, వీపు సముద్రానికి ఉండాలి. నాకు సైకిలు సంగతులు నేర్పిన పటమట మేస్త్రీ ఈ లెక్కంతా ఒక్క ముక్కలో చెప్పేవాడు: “పొద్దున మనం తొక్కాలి బాబుగారూ, సాయంత్రం గాలి చేత తొక్కించుకోవాలి.”

సైకిలంటే నా ఉద్దేశం నల్ల సైకిలు. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, చైను కవరు, వెనక బలమైన క్యారేజీ, సీటు కింద రెండు స్ప్రింగులు. చరిత్ర కావాలంటే రెండు మాటలు. ఇంగ్లండు నుంచి రాలీలు, హెర్క్యులిస్‌లు దిగాయి. ఆ తరవాత మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. రాబిన్‌హుడ్ సైకిలు, చేతి గడియారం ఇస్తేనే పీటల మీద కూర్చుంటామన్న పెళ్ళికొడుకుల కథలు మా ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

దాని ప్రాణమంతా చక్రంలో ఉంది. ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి 40. మనిషి బరువూ క్యారేజీ మీద సరుకూ మోసేది వెనక చక్రం గనక దానికి ఎనిమిది ఎక్కువ. ఇన్ని సన్నటి తీగలు సమానంగా బిగిసి ఉంటేనే రిమ్ము గుండ్రంగా నిలబడుతుంది. ఒకటి వదులైతే దాని భారం పక్కదాని మీద పడుతుంది, అదీ అలిసిపోతుంది, చక్రం బెండు పడుతుంది. ఆ బెండు తీయడం చూడాలి! మేస్త్రీ బండిని తలకిందులుగా నిలబెట్టి, చక్రాన్ని మెల్లగా తిప్పి, రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుంటాడు. బయటికి వంగినచోట గీత పడుతుంది. అక్కడ ఎడమవైపు నిపుల్ పావు చుట్టు బిగించి, కుడివైపుది పావు చుట్టు వదులు చేస్తాడు. ఆ తరవాత వేలితో స్పోకులు మీటుతాడు. వీణ శ్రుతి చేసుకునేవాడికీ ఆయనకీ నాకు తేడా కనిపించదు. మా మేస్త్రీ చివరి రోజుల్లో చూపు బాగా తగ్గి, సుద్దముక్క మానేసి, చెవితోనే బెండు తీసేవాడు. ఆయన బిగించిన వెనక చక్రం మీద పదకొండేళ్ళు తిరిగాను, ఒక్క స్పోకు తెగలేదు.

ఇక దారి. కుడిచేతి వైపు నది, లంకలు. ఎడమచేతి వైపు కేఈబీ కాలవ. పెదపులిపాక, చోడవరం, రొయ్యూరు దాటేసరికి మంచు విడుతుంది. తోట్లవల్లూరు దగ్గర లంకల్లో అరటి, కంద, చెరకు. పసుపు ఉడకబెట్టే రోజులైతే ఆ వాసన కిలోమీటర్ల కొద్దీ వెంట వస్తుంది. మాగాణుల్లో వరి కోసిన మోళ్ళ మధ్య మినుము. కారులో పోయేవాడికి ఈ వాసన అందదు, మోటారు సైకిలు వాడికి సగమే అందుతుంది.

నా గురువులను నేను ఈ గట్టు మీదే చూశాను. లంకలోంచి ఆరు అరటి గెలలు క్యారేజీకి రెండు వైపులా కట్టుకుని, ఇసుక బాట దాటి గట్టు ఎక్కే మనిషి ఒకాయన ఉండేవాడు. సరుకు వెనక అంత ఎత్తున ఉంటే కుడికాలు మామూలుగా వెనక నుంచి తిప్పి ఎక్కడానికి వీల్లేదు. ఎడమకాలు పెడలు మీద పెట్టి, నాలుగు తన్నులు తన్ని, బండి నడక అందుకున్న క్షణంలో కుడికాలిని ముందు నుంచి, సీటుకీ హ్యాండిలుకీ మధ్య నుంచి దూర్చాలి. ఒక్క గెలా ఊగకూడదు. మా ఊళ్ళ తిరునాళ్ళలో మూడు రోజులు, ఏడు రోజులు కింద కాలు పెట్టకుండా గుండ్రంగా సైకిలు తొక్కి, దాని మీదే స్నానం చేసి, దాని మీదే గడ్డం గీసుకున్న కళాకారులకు ఏ అకాడమీ శాలువా కప్పింది? 1923లో బొంబాయి నుంచి సైకిళ్ళ మీద బయల్దేరి, ప్రపంచం చుట్టి 1928లో తిరిగొచ్చిన ఆది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరాల పేర్లు మన పిల్లల పాఠాల్లో ఎందుకు లేవు? మన గన్నవరం నుంచి శాసనసభకు గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య, రాజ్యసభ సభ్యుడిగా ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీదే వెళ్ళేవారు. ఆ ఒక్క సంగతి చాలు, సైకిలును పేదరికానికి గుర్తుగా చూసేవాళ్ళ నోరు మూయించడానికి.

ఎండ ముదిరేలోగా శ్రీకాకుళం చేరాలి. ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న మన కృష్ణాతీరపు శ్రీకాకుళం. స్వామి కలలో కనిపించి చెబితే రాయలవారు ఆముక్తమాల్యద రాసింది ఇక్కడికి వచ్చినప్పుడేనంటారు. గుడి నీడలో చద్దిమూట విప్పి, ఒక కునుకు తీసి, పైరగాలి కొబ్బరాకులను కదిలించగానే లేవాలి. మొవ్వ మీదుగా కూచిపూడి. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, నెత్తిన చెంబు పెట్టుకుని ఆడే ఊరు అది. ఆ పళ్ళాన్ని చూసినప్పుడల్లా నాకు గెలల మనిషే గుర్తొస్తాడు. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా ఇల్లు. రానుపోను వంద కిలోమీటర్లు సునాయాసంగా దాటుతుంది. వీపున గాలి ఉంటే చివరి ముప్ఫై పాటలు పాడుకుంటూ వచ్చేయొచ్చు.

గట్టు మీద సర్కారు తుమ్మ ముల్లు తప్పదు. టైరు లివర్లు, సొల్యూషన్, నాలుగు ప్యాచీలు, చిన్న పంపు సంచిలో ఉంటే కాలవ నీళ్ళలోనే ట్యూబు ముంచి బుడగ పట్టుకోవచ్చు. అకాల వాన పడితే మాత్రం నల్లమట్టి డొంకలోకి దిగకండి. ఆ బంక మడ్‌గార్డులో ఇరుక్కుందంటే చక్రం తిరగదు, బండిని భుజాన మోయాల్సిందే.

ఇప్పుడు అంగళ్ళలో సైకిళ్ళని అమ్ముతున్న సరుకు చూస్తే కడుపు మండుతుంది. లావు టైర్లు, ముందూ వెనకా స్ప్రింగులు, ఇరవయ్యొక్క గేర్లు, పులి చారల స్టిక్కర్లు. కొండ లేని నేలకి కొండ సైకిలు ఎందుకు? ఆ చవక స్ప్రింగు తొక్కినప్పుడల్లా కాలి బలాన్ని మింగేస్తుంది. మడ్‌గార్డు ఉండదు, క్యారేజీ ఉండదు, పుస్తకాల సంచి పిల్లవాడి వీపు మీదే. ఏడాది తిరక్కుండా రిమ్ము వంకర, ఆ పైన మెట్ల కింద తుప్పు. ‘సైకిలు తొక్కడం కష్టం’ అని ఆ పిల్లవాడు జీవితాంతం నమ్ముతాడు. ఇది సైకిలుకు జరిగిన ద్రోహం. పల్లెటూరి పోస్టుమానునీ పాలవాణ్ణీ మోసిన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం. కరకట్ట మీద ఇసుక టిప్పరు హారన్ కొడితే తప్పుకోవడానికి సైకిలుకు రెండడుగుల అంచు కూడా మిగలడం లేదు. ఆ రెండడుగుల కోసం గట్టు పక్క ఊళ్ళవాళ్ళు, ముఖ్యంగా బడి పిల్లల తల్లిదండ్రులు గట్టిగా అడగాలి.

ఇంకొకటి మీ చేతుల్లోనే ఉంది. మీ ఇంటి వసారాలోనో గొడ్లచావిట్లోనో తాతగారి నల్ల సైకిలు దుమ్ము పట్టి ఉంటుంది. పాత ఇనుముకు వేయకండి. నిపుళ్ళు తుప్పు పట్టి ఉంటే ఒక్కో దానికీ ఒక చుక్క నూనె వేసి రెండు రోజులు వదిలేయండి. మీ ఊళ్ళో వేలితో స్పోకు మీటి వినే ముసలి మేస్త్రీ ఇంకా కొట్టు తెరుస్తున్నాడేమో కనుక్కోండి. తెరుస్తుంటే ఈ వారమే తీసుకెళ్ళండి, పక్కన మీ పిల్లవాణ్ణి కూడా కూర్చోబెట్టండి.