మెదడువాపు: ఒక పేరు, పెక్కు రోగములు

“మెదడువాపు దోమకాటువలన వచ్చును” అని పాఠమును ఒక్క వాక్యముతో ముగించుట సులభము. ఆ వాక్యము అసత్యము కాదు, సగము సత్యము. వాపు అను మాట మెదడులో జరిగినదానిని చెప్పును గాని, దానికి కారణమైన క్రిమిని చెప్పదు.

జపాను మెదడువాపుకు ఆ వాక్యము సరిపోవును. క్యూలెక్స్ దోమ వరిమళ్ల నీటిలో పెరుగును. వైరసు పందులలోను, కొంగలలోను వృద్ధియగును. నివారణకు టీకా కలదు. (పేరులో జపాను ఉన్నను, మనదేశమున దీనిని 1955లోనే వెల్లూరు ప్రాంతమున గుర్తించినారు.)

అయితే 2003లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు సోకి, 183 మందిని బలిగొన్న రోగము ఇది కాదు. నాడు రోగము సోకిన జిల్లాలలో కరీంనగర్ ఒకటి. రామగుండం బొగ్గుగనుల చేరువనున్న కమాన్‌పూర్, నేడు పెద్దపల్లి జిల్లాలోనిదైనను, అప్పుడు ఆ జిల్లాలోనిదే. జ్వరము, వాంతులు, ఆపై ఫిట్లు, స్పృహ తప్పుట. ఒకటి రెండు రోజులలోనే ప్రాణము పోయినవారు పెక్కుమంది. పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థవారు దీనికి చాందీపుర వైరసు కారణమని నిర్ణయించినారు. 1965లో నాగపూరు చేరువనున్న చాందీపురలో, జ్వరపడిన ఇద్దరు పెద్దల రక్తమునుండి తొలుత వేరుచేసిన వైరసు ఇది. పిచ్చికుక్క కాటు రోగపు వైరసుకు దాయాది. అసలిది వాపే కాదు, మెదడు రక్తనాళమునకు కలిగిన అంతరాయమని కొందరు వైద్యులు వాదించినారు. పేరు ఎంత బలహీనమైనదో దీనివలననే తెలియుచున్నది.

ఈ వైరసును మోయునది ఇసుక ఈగ. రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. ఇది నీటిలో పెరగదు. మట్టిగోడల బీటలలోను, పశువుల కొట్టపు తేమనేలలోను పెరుగును. కరీంనగర్ జిల్లాలో పట్టిన ఇసుక ఈగలలో ఈ వైరసు జాడ దొరికినట్లు 2005లో ప్రకటించినారు. కమాన్‌పూర్ పిల్లవాడు పాఠమును నమ్మి మురికిగుంట పూడ్చినచో దోమలు తగ్గును, మంచిదే; గోడబీట మాత్రము అట్లే మిగులును. జపాను టీకా ఇక్కడ పనికిరాదు. చాందీపురకు టీకాగాని, ప్రత్యేకమైన మందుగాని నేటికిని లేవు. 2024లో గుజరాత్‌లో ఈ వైరసు మరల పిల్లల ప్రాణములు తీసినది.

కనుక పాఠములో క్రిమి పేరు చేర్చి, జపాను మెదడువాపు, చాందీపుర మెదడువాపు అని వేరుగా వ్రాయవలెను. వాడుకలో ఈ పేరుక్రిందనే చేర్చు మరి రెండు రోగములకు మందు కలదు: బాక్టీరియావలన మెదడు పొరలకు వచ్చు శోథకు యాంటీబయాటిక్కులు, మెదడుకెక్కిన మలేరియాకు మలేరియా మందులు. వానిలో ఆలస్యమే ప్రాణాంతకము. రక్తమును, వెన్నునీటిని పరీక్షించినగాని ఏది ఏదో తేలదు.